కుందేటి కొమ్ము

నిజ్వా దాటి గంటన్నర.
తారు అయిపోయిన చోట బండి ఆపి
హమూద్ ఇంజనీరు లెవెల్ గాజుకి కన్ను ఆనించాడు.
ఎర్ర తెలుపు గళ్ళ కర్ర పట్టుకుని
వాగు అవతలి గట్టున నిలబడడం నా పని.
కదలకూడదు.
పదకొండేళ్ళుగా
కదలకుండా ఉన్నందుకే నాకు జీతం.

మొదట వచ్చింది వాసన.
ఎక్కడో మేక చచ్చిందనుకున్నా.
రఫీకుల్ ముక్కు మూసుకుని నా వైపు చూసి నవ్వాడు.
కర్ర అలాగే పట్టుకుని కళ్ళు మాత్రం దించాను.
ముళ్ళపొద మొదట్లో, సున్నపురాయి నెర్రెలో
జానెడైనా లేని నాలుగు పలకల కాడలు.
ఆకు లేదు.
బూడిదలో కాస్త పచ్చ కలిపినట్టు రంగు.
కొసన ఒకే ఒక్క పువ్వు,
నల్లద్రాక్ష తొక్కతో కుట్టిన చుక్కలాగా.
అంచున సన్నటి నూగు
గాలి లేకున్నా వణుకుతోంది.
దాని నిండా ఈగలు.

వెనకనుంచి ఎవరో మా ఊరి యాసలో
పిలిచినట్టయింది.

కుందేటి కొమ్ము!

రాయచోటి గుట్టల్లో మేకల వెంట తిరిగేటప్పుడు
మస్తానమ్మ జేజి
దీని పలకల అంచులు గోటితో ఒలిచి
ఉప్పురాయి అద్ది నోట్లో పెట్టేది.
ముందు చేదు, నమిలితే పులుపు,
పైన గుక్కెడు నీళ్ళు తాగితే తీపి.
"రెండు పూటల ఆకలి మర్సిపోతావు నాయనా."
మర్చిపోయేవాణ్ణి కూడా.
బడిలో అయ్యవారేమో
కుందేటి కొమ్మంటే లోకంలో లేనిదన్నాడు.
నేను లేచి, "నిన్ననే తిన్నా సార్" అన్నా.
ఆ పూట గోడకుర్చీ.

సరిగ్గా అదే కాదులే ఇది.
మాది సన్నం, ఇది బొద్దు.
మా దాని పువ్వు తల వంచుకునేది.
ఇది నడి ఎండకేసి తలెత్తి చూస్తోంది.
చిన్నాయన కొడుకు పోలిక.

గట్టు మీంచి ఖల్ఫాన్ ముసలాయన దిగి వచ్చాడు,
చేతికర్రతో, ముగ్గురు మనవళ్ళతో.
దానికి ఏదో పేరు చెప్పాడు.
గొంతు అడుగునుంచి వచ్చే ఆ అక్షరం
నా నోటికి పట్టలేదు.
ఇసుకలో బతకదట.
రాయి కావాలట, రాయికి నీడ కావాలట.
ముళ్ళపొద కాపలా లేకపోతే
మొలకప్పుడే మేక నాకేస్తుందట.
కరువేడు వాళ్ళమ్మ దీన్ని పిండి తాగించిందని
ఖాళీ గుప్పిట నోటిదాకా తెచ్చి చూపించాడు.
మొహం వికారంగా పెట్టాడు.
నేనూ పెట్టాను.
అరబ్బీలో నాకు బాగా వచ్చిన సంభాషణ అదొక్కటే.

రూములో చెబితే ఎవడో ఒకడు అంటాడు:
"మనలాగే రా, నీళ్ళు లేకున్నా బతికేస్తది" అని.
ఆ పోలిక నాకొద్దు.
దీనికి బతాకా లేదు, గడువు తేదీ లేదు.
ఈ రాయి దీని సొంత ఇల్లు.
పరాయివాణ్ణి నేను,
కొలత కర్రతో దాని వాకిట్లో దిగినవాణ్ణి.

"అక్కడే మేకు కొట్టు!"
హమూద్ చెయ్యి ఊపాడు.

జానెడు ఎడంగా కొట్టాను.
అరవై అడుగుల రోడ్డుకి జానెడు ఒక లెక్కా?
ముసలాయన నా మొహం చూశాడు, మేకు చూశాడు,
ఏమీ అనలేదు.
నడుం దగ్గరి కత్తి తీసి, వంగి,
సగం కాడలు వేళ్ళతో సహా పెకలించి
తలగుడ్డలో మూట కట్టాడు.
ఒక ముక్క నాకిచ్చాడు.
తింటాననుకున్నాడేమో.

మధ్యాహ్నం అన్నం బ్రేకులో
పై గట్టున, ఉత్తరం వైపు నెర్రె వెతికి
పొద పక్కనే గుచ్చి వచ్చాను.
నీళ్ళు పొయ్యలేదు. పోస్తే కుళ్ళుతుంది.
వచ్చే వారం మా క్యాంపు సూర్‌కి.
అది పట్టిందో లేదో నాకు తెలిసే వీలు లేదు.

రాత్రి మెస్సులో పప్పన్నం కలుపుతుంటే
ఎక్కణ్ణుంచో ఒక ఈగ.
పళ్ళెం వదిలేసి
పువ్వును ముట్టుకున్న నా వేలి మీదే వాలింది.
రఫీకుల్ తోలబోయాడు.

ఉండనీ అన్నాను.